రాతి మిషన్ మీద నలభై ఎనిమిది ఫోర్కులు

నన్ను ఎవరు ఏమన్నారో నాకు మాటతో సహా గుర్తుంటుంది. అది మంచి గుణం కాదని నా భార్య చాలాసార్లు చెప్పింది. ఎప్పుడెప్పుడు చెప్పిందో అదీ గుర్తుంది.

అరవైల చివర్లో నేను బాలానగర్ వైపు ఒక పెద్ద మిషన్ల ఫ్యాక్టరీలో మిల్లింగ్ పని చేసేవాణ్ణి. చూడనివాళ్ళ కోసం చెబుతాను. లేతు మీద ఇనుప ముక్క తిరుగుతుంది, పనిముట్టు నిలకడగా ఉంటుంది. మిల్లింగ్ మిషన్ మీద అందుకు తిరగేసి జరుగుతుంది. చుట్టూ పళ్ళున్న కట్టరు చక్రంలా తిరుగుతుంటే, బల్ల మీద బిగించిన ముక్క దాని కిందికి మెల్లగా నడుస్తుంది. పన్ను పన్నూ ఒక్కొక్క పెళ్ళ చొప్పున ఇనుమును తీస్తూ పోతుంది. మాదాపూర్ నుంచి సైకిల్ మీద పోయి వచ్చి ఏడేళ్ళు ఆ పని చేశాను. ఏడేళ్ళూ ఒకే పాత మిషన్.

ఒక ఏడాది కొత్త మిషన్ ఒకటి చెక్కపెట్టెలో వచ్చింది. పెట్టె విప్పిన రోజు షాపులో అందరూ అది నాకే వస్తుందన్నారు. మా ఫోర్‌మన్ దాన్ని రెండేళ్ళ కింద చేరినవాడికి ఇచ్చాడు. ఎందుకు సార్ అని అడిగాను. ఆయన కోస్తా నుంచి వచ్చిన మనిషి, తెల్లచొక్కా జేబులో ఎప్పుడూ స్టీలు స్కేలు ఉండేది. ఆ స్కేలు తీసి గోరు గీక్కుంటూ అన్నాడు.

"రాళ్ళు కొట్టే ఊరివాడివి కదయ్యా. నీ చేతికి ఆ పాతదే సరిపోద్ది. కొత్తదాని జోలికి రాకు."

పక్కనున్న నలుగురు నవ్వారు. ఆ నలుగురూ ఎవరో చెప్పగలను. వాళ్ళలో ఒకడు తరువాత నా పెళ్ళికి వచ్చి భోజనం చేసి పోయాడు.

ఆయన చెడ్డవాడు కాదని చాలామంది అంటారు. ఒకరి తల్లి పోతే తన స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని బస్సు దాకా దింపాడట. కాదనను. నేను చెప్పేది నాతో అన్న మాట గురించి. ఆ తరువాత పదకొండు నెలలు పని చేశాను. ఒక్కరోజు కూడా ఆయన ముఖం చూసి మాట్లాడలేదు. పన్నెండో నెల మానేశాను. మానేసేటప్పుడు ఎవరూ ఎందుకని అడగలేదు.

మాదాపూర్‌లో మా ఇంటి వెనక రేకుల షెడ్డు వేశాను. కొత్త మిల్లింగ్ మిషన్ కొనడం నా తరమయ్యే పని కాదు. జుమ్మెరాత్ బజార్ పాత సామాన్లలో విరిగిన లేతు ఒకటి పడి ఉంటే, దాని పనిముట్టును నడిపే అడ్డబల్ల మాత్రం బాగుందని తెచ్చాను. కట్టరు తిరిగే ఇరుసుకు లారీ ముందుచక్రం బేరింగులు సరిపోయాయి. మోటారు, మూసేసిన పిండి గిర్నీది. వీటన్నిటినీ యాంగిల్ ఇనుముతో చేసిన చట్రం మీద బిగించాను.

మిషన్ తిరిగింది కానీ కోయలేదు. మెత్తని ఇనుము మీద పరవాలేదు, స్టీలు పెడితే చట్రమంతా వణికేది. కట్టరు దడదడలాడేది. కోసిన చోట చెరువు నీళ్ళ మీద గాలి తోలినట్టు అలలు పడేవి. లోతు తగ్గించి పైపైన గీసుకుంటూ పోతే, కట్టరు కోయడం మాని రుద్దేది. రుద్దిన చోట స్టీలు ఇంకా గట్టిపడేది. మూడు కట్టర్లు మొద్దుబారిపోయాయి.

అదంతా నా బామ్మర్ది చూస్తూ ఉండేవాడు. నా భార్య తమ్ముడు. ఊరి వెనక క్వారీలో రాయి చెక్కేవాడు. పని దిగి ఇంటికి పోతూ షెడ్డు గుమ్మంలో కూర్చునేవాడు. ఒళ్ళంతా తెల్లగా దుమ్ము, కనుబొమ్మలు కూడా. మాట్లాడే ముందు ఒకసారి దగ్గేవాడు.

"ఇనుము వణుకుతున్నది బావా," అన్నాడొక సాయంత్రం. "రాయి వణకది. రాయి మీద పెట్టు."

"ఏ రాయి?"

"ఏ రాయేంది. ఊరంత రాయే. నీ మిషన్‌కు ఒక బండ దొరకదా?"

రాళ్ళు కొట్టే ఊరు అన్న మాట మళ్ళీ వినిపించినట్టయింది. కుదరదన్నాను. నెల రోజులు అతను ఎన్నిసార్లు అన్నా కుదరదనే అన్నాను. నెల తరువాత నాలుగో కట్టరు కూడా పోయాక, తెచ్చి చూపించమన్నాను.

అతను ఒకటి కాదు, మూడు బండలు తెచ్చాడు. అందులో ఒకటే మిషన్‌కు. మిగతా రెండూ దాన్ని చదును చేయడానికి. రెండు బండలను మధ్యలో ఇసుక, నీళ్ళు వేసి ఒకదాని మీద ఒకటి రుద్దితే రెండూ నున్నగా అవుతాయి కానీ ఒకటి గిన్నెలా, ఒకటి బోర్లించిన గిన్నెలా తయారవుతాయట. మూడు ఉంటే, జతలు మార్చి మార్చి రుద్దుతూ పోతే, మూడూ చదునైపోక తప్పదు. ఇది అతనికి ఎవరు చెప్పారో తెలియదు. ఫ్యాక్టరీలో ఇనుప బల్లలను చదును చేసే పద్ధతీ అదేనని నాకు తెలుసు. ఆ సంగతి అతనికి చెప్పలేదు.

దాదాపు రెండు నెలలు, క్వారీ పని అయ్యాక సాయంత్రాలు రుద్దాడు. తరువాత ఆ బండకు ఉలితో గుంటలు తీసి, బోల్టులు నిలబెట్టి, చుట్టూ సీసం కరిగించి పోశాడు. చదునయ్యాక రెండో బండ కూడా పనికొచ్చింది, దాన్ని మొదటిదాని వెనక నిలువుగా నిలబెట్టి ఇనుప పట్టీలతో కట్టాము. ఇరుసును దానికి, అడ్డబల్లను కింది బండకు బిగించాను. మొదటిసారి స్టీలు ముక్క పెట్టి లోతుగా కోత పెట్టినప్పుడు దడ రాలేదు. చప్పుడు కూడా మారిపోయింది. తిరగలిలో కందులు విసిరినప్పుడు వచ్చే మోతలా ఒకే తీరుగా వచ్చింది.

బామ్మర్ది బండ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. "పండుకున్నది," అన్నాడు.

ఊళ్ళో దాన్ని రాతి మిషన్ అన్నారు. పక్కింటాయన నా భార్యతో, మీ ఆయన రుబ్బురోలుకు కరెంటు పెట్టిండట గదా అన్నాడు. ఆయన ఇంటి బావి గిలక ఇరుసు కూర్చునే దిమ్మలు అరిగిపోతే కొత్తవి కోసిచ్చింది ఆ రుబ్బురోలు మీదనే. అది ఆయన ఎన్నడూ తలుచుకోలేదు.

మిషన్ ఉంటే సరిపోదు, దాని గుణం తెలియాలి. నాకు తెలియడానికి ఏడాదిన్నర పట్టింది. అడ్డబల్లను నడిపే స్క్రూ పాతది, మర అరిగి వదులుగా ఉండేది. కట్టరు తిరిగే దిక్కునే ముక్కను నడిపితే ఆ వదులంతా ఒక్కసారిగా అందుకుని ముక్కను లోపలికి లాక్కునేది. ఒకసారి అట్లా లాక్కుని కట్టరు పళ్ళు రెండు ఎగిరి రేకులో గుచ్చుకున్నాయి. అప్పటి నుంచి ఎప్పుడూ ఎదురు దిక్కునే నడిపాము. కోసేటప్పుడు, ఆ కోతకు కదలక్కర్లేని బల్లను కదలకుండా బిగించి పెట్టేవాళ్ళం. పైపైన పదిసార్లు గీసే కన్నా, లోతుగా ఒక్కసారి మెల్లగా పోతే పని త్వరగా అయ్యేది, కట్టరూ ఎక్కువ కాలం బతికేది. సబ్బునూనె కలిపిన నీళ్ళు దవాఖాన నుంచి తెచ్చిన సెలైన్ సీసాలోంచి చుక్కలు చుక్కలుగా పడేవి. పెళ్ళలు తెల్లగా వస్తే సరి, రంగు తిరిగితే హ్యాండిల్ తిప్పే చెయ్యి తొందరపడుతున్నట్టు.

పగలు క్వారీలో మందు పేల్చే ముందు ఒకతను విజిల్ ఊదేవాడు. విజిల్ వినబడగానే ముక్కను కట్టరు నుంచి వెనక్కి తీసేవాళ్ళం. పేలుడు నేలలోంచి బండలోకి వచ్చేది. తీయడం మరచిపోయిన రోజు కోతలో గీత పడేది.

పని ఉండేది. గచ్చిబౌలి, మణికొండ వైపు ద్రాక్షతోటల పంపుసెట్లకు అరిగిన భాగాలు చేసిచ్చేవాణ్ణి. ఒక తోట యజమాని నన్ను వరండా ఎక్కనిచ్చేవాడు కాదు. మెట్ల కింద నిలబెట్టి ముక్క అందుకుని, ఎండకు పెట్టి చూసి, బాగుందో లేదో చెప్పకుండా లోపలికి పోయేవాడు. ఒక మనిషికి సరిపడా పని అది. ఇద్దరికి సరిపోదు.

ఇద్దరి సంగతి ఎందుకు వచ్చిందంటే, బామ్మర్ది దగ్గు తగ్గలేదు. దవాఖానలో ఛాతీ ఫొటో తీసి, రాతి దుమ్ము లోపల పేరుకుందని, ఇంకా రాయి కొడితే ఊపిరి నిలవదని చెప్పారు. క్వారీ మానెయ్యమన్నారు. అతను ఆ చీటీ తెచ్చి అక్కకు ఇచ్చాడు. ఆమె దాన్ని నాకు ఇచ్చింది.

"మానెయ్యమన్నరట," అంది ఆమె. "మానేసి ఏం జెయ్యాల్నో రాయలేదా అండ్ల?"

అప్పటికి అతను నా మిషన్ నాకన్నా బాగా నడుపుతున్నాడు. సాయంత్రం వచ్చి గంటసేపు హ్యాండిల్ తిప్పేవాడు. రాయి చెక్కిన చెయ్యి, తొందరలేదు. చప్పుడు వినేవాడు. మా షెడ్డు పేరు ఏదైనా పెద్ద ఫ్యాక్టరీ బయటి పనివాళ్ళ లిస్టులో ఎక్కితే రెండు పూటలకూ పని దొరుకుతుంది. రెండో పూట అతను నడపాలి. క్వారీకి పోవడం మానెయ్యాలి. ముగ్గురం కూర్చుని అనుకున్నది ఇది.

అట్లా బయటికి పని ఇచ్చే ఫ్యాక్టరీ నాకు తెలిసింది ఒకటే. నేను వదిలి వచ్చింది. బయటి నుంచి వచ్చే సరుకు పాసో ఫెయిలో రాసే కుర్చీలో అప్పటికి ఆ ఫోర్‌మనే కూర్చున్నాడు.

"పోతవా బావా?" అన్నాడు బామ్మర్ది.

"పోత."

"నీకు మనసున ఉంటది గదా ఆయన మాట."

"ఉంటే ఏంది? పోతనంటున్న గదా."

మూడుసార్లు పోయాను. మూడుసార్లూ గది బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. మొదటిసారి ఆయన మీటింగులో ఉన్నాడు. రెండోసారి భోజనానికి పోయాడు. మూడోసారి తలుపు తెరిచే ఉంది. ఆయన నన్ను చూశాడు, పేపరు మడిచాడు, మళ్ళీ విప్పాడు. చాలాసేపటికి పిలిచాడు.

"ఏమయ్యా, రాతి మిషనట కదా?" అన్నాడు.

ఆ మాట అక్కడి దాకా ఎట్లా చేరిందో తెలియదు. అవును సార్ అన్నాను. ఆయన నవ్వలేదు. బల్ల సొరుగులోంచి ఒక డ్రాయింగు తీసి ఇచ్చాడు. అరచేతిలో పట్టే స్టీలు దిమ్మ, ఒక చివర గాడి. ఫోర్కు అనేవాళ్ళు దాన్ని. గాడిలో ఒక మీట వచ్చి కూర్చుంటుంది కాబట్టి గాడి వెడల్పు వెంట్రుకవాసి కూడా తేడా రాకూడదు. నలభై ఎనిమిది చేసి తెమ్మన్నాడు. దసరా మర్నాడు పొద్దున పదిలోపు గేటులో ఇవ్వాలి. అన్నీ పాసయితే పేరు లిస్టులో ఎక్కుతుంది. ఫెయిలైతే మళ్ళీ అడగకూడదు.

ఒక్కొక్కటిగా బిగించి కోస్తే ఒక్కో ఫోర్కుకు గంట పట్టింది. బిగించి, సరిచూసి, విప్పడానికే సగం కాలం పోయేది. కోత పూర్తయ్యాక బల్ల వెనక్కి వచ్చేటప్పుడు కట్టరు ఊరికే గాలిలో తిరిగేది. ఈ పని ఒప్పుకున్న రోజే క్వారీ మానేసి వచ్చిన బామ్మర్దీ, నేనూ ఆలోచించి ఒక మందపాటి ఇనుప పలక మీద ఆరు దిమ్మలు వరుసగా ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చునేలా అచ్చు చేశాము. రెండు బోల్టులు బిగిస్తే ఆరూ కదలవు. ఒకదాంట్లోంచి బయటికి వచ్చిన కట్టరు తరువాతి దాంట్లోకి నేరుగా దిగుతుంది. ఎనిమిది బిగింపుల్లో నలభై ఎనిమిదీ అయిపోతాయి. అచ్చు చేయడానికి అయిదు రోజులు పట్టింది, ఫోర్కులు కోయడానికి నాలుగు రోజులు. చివరి ఆరు బామ్మర్దే కోశాడు. నేను గాడి కొలిచి చూశాను. నావాటికీ వాటికీ తేడా లేదు.

నవమి నాడు ఆయుధపూజ. షెడ్డు కడిగి, మిషన్‌కు బంతిపూల దండ వేసి, సుత్తులు, స్పానర్లు, కట్టర్లు వరుసగా పేర్చాము. ఫోర్కులు ఒక పక్కన గోనెసంచి మీద ఉన్నాయి. నా భార్య పసుపు కుంకుమలు నీళ్ళతో కలిపి పళ్ళెంలో తెచ్చింది.

"వాటికి కూడ పెట్టక్కా," అన్నాడు బామ్మర్ది ఫోర్కులు చూపించి.

రాయి చెక్కేవాళ్ళలో అదొక ఆచారం. చెక్కడం పూర్తయిన రాయిని, అది తిరగలి గానీ గడప గానీ, బొట్టు పెట్టకుండా చోటు నుంచి కదిలించరు. బొట్టు లేకుండా పోయిన రాయి తిరిగొస్తుందంటారు. ఫ్యాక్టరీలో మేమూ ఆయుధపూజ చేసేవాళ్ళం, బొట్టు మిషన్‌కు రంగువేసిన చోట పెట్టేవాళ్ళం. చేసిన సరుకుకు ఎవరూ పెట్టలేదు, తడి బొట్టు కింద వట్టి స్టీలు తుప్పు పడుతుందని. నాకు తెలుసు. తెలిసీ ఏమీ అనలేదు. అతని చేతి ముక్కలు కూడా అందులో ఉన్నాయి కదా, పెట్టుకోనీ అనుకున్నాను.

బొట్టు నిలవలేదు. తుప్పు పట్టకుండా ఫోర్కులకు నూనె రాసి పెట్టాను, దాని మీద కుంకుమ జారిపోయింది.

"నూనె మీద ఆగుతలేదు," అంది నా భార్య.

కిరోసిన్ గుడ్డ తీసుకుని నలభై ఎనిమిదింటి చెంపలూ నేనే తుడిచాను. ఆమె ఒక్కోదానికి ఒక్కో బొట్టు పెట్టింది. అందంగానే ఉన్నాయి. కొబ్బరికాయ కొట్టి షెడ్డుకు తాళం వేశాము. పూజలో పెట్టిన పనిముట్టును జమ్మి దాటేదాకా ముట్టకూడదు. ఆ మధ్యలో వాన పడింది.

దశమి దాటిన పొద్దున తాళం తీశాను. బొట్లు గుడ్డతో తుడిస్తే కుంకుమ పోయింది. కుంకుమ కింద వేలికొన అంత గోధుమరంగు మచ్చ మిగిలింది. రెండోదానికీ అంతే. అన్నిటికీ అంతే, అన్నిటికీ ఒకే చోట.

"చిలుము," అన్నాడు బామ్మర్ది. ఒకటి తీసుకుని బొటనవేలితో రుద్దాడు. పోలేదు. "రాయికి గిట్ల కాదు బావా."

"రాయికి కాదు."

"నేనే పెట్టిస్తి."

అప్పుడు ఏడయింది. పదిలోపు గేటు దగ్గర ఉండాలి. రుద్దడానికి సమయం లేదు. మళ్ళీ నూనె రాసి, రెండు సంచుల్లో సర్ది, సైకిల్ మీద చెరో పక్కన వేలాడేశాము. నేను హ్యాండిల్ పట్టుకున్నాను, అతను వెనక నుంచి తోశాడు. మూసాపేట దాకా తోసుకుంటూనే పోయాము. ఎత్తు వచ్చిన చోటల్లా అతని దగ్గు వినబడేది. నన్ను ఆగమనలేదు, నేను ఆగలేదు.

గేటు లోపలికి ఒక్కణ్ణే పోనిచ్చారు. అతను బయట సైకిల్ పట్టుకుని నిలబడ్డాడు.

ఫోర్‌మన్ ఒక్కొక్క ఫోర్కూ తీసి గాడిలో గేజి పెట్టి చూశాడు. ఆ గేజికి రెండు కొసలుంటాయి. ఒకటి గాడిలోకి దిగాలి, రెండోది దిగకూడదు. నలభై ఎనిమిదింట్లో ఒక కొస దిగింది, ఒక కొస దిగలేదు. ఆయన తొందరపడలేదు. నేను లెక్కపెడుతూ నిలబడ్డాను. చివరిది బల్ల మీద పెట్టి అన్నాడు.

"సైజు అన్నిటికీ సరిగ్గా ఉంది."

ఈ మాట ఆయన నోటి నుంచి వస్తే నాకు ఎట్లా ఉంటుందో చాలా ఏళ్ళుగా అనుకుంటూ వచ్చాను. సైకిల్ తొక్కుతూ, అన్నం తింటూ అనుకున్నాను. ఆయన అన్నాడు. నేను విన్నాను. నాకేమీ కాలేదు. వాన వస్తుందంటే విన్నట్టు ఉంది. ఇంకాసేపు ఆగితే వస్తుందేమో అని ఆగాను. రాలేదు.

ఆయన ఒక ఫోర్కు తిప్పి చూశాడు. "ఈ మచ్చలేంటయ్యా? అన్నిటికీ ఒకే చోట ఉన్నాయి."

"బొట్లు సార్. ఆయుధపూజ."

"మేమూ చేస్తామయ్యా పూజ. రోటికి పెడతాం బొట్టు. రోట్లో పచ్చడికి పెడతామా?" అన్నాడు. పక్కనున్న గుమాస్తా నవ్వాడు. ఫోర్‌మన్ సొరుగులోంచి తుప్పు రుద్దే ఎమరీ కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. "గాడిలో లేదులే, పైన ఉంది. లోతు కూడా లేదు. వరండాలో కూర్చుని రుద్దేసుకో. సాయంత్రానికి పాస్ రాసేస్తాను. రాతి మిషన్ మీద చేసినవాటికి ఇంతకన్నా ఏం అడుగుతాంలే."

ఎమరీ కాగితం అందుకోవడానికి చెయ్యి చాచాను. చివరి మాట వినేసరికి చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఏమన్నరు సార్?"

"ఏమన్నానయ్యా?"

"రాతి మిషన్ మీద చేసినవాటికి అన్నరు. సైజు తక్కువున్నదా?"

"లేదన్నాను కదా."

"మరి గా మాట ఎందుకొచ్చింది?"

"మాటకేముందయ్యా. మెచ్చుకుంటున్నా అనుకో."

"మెచ్చుకునుడైతే కాగితం మీద రాయుండ్రి. కొత్త మిషన్ మీద చేసినవాటికి వీటికి తేడా లేదని."

ఆయన కళ్ళద్దాలు తీశాడు. "అట్లా రాసే గడి ఫారంలో లేదయ్యా. పాస్, రిజెక్ట్, కారణం. మూడే ఉన్నాయి."

"అయితే రిజెక్ట్ రాయుండ్రి."

గుమాస్తా తల ఎత్తి నన్ను చూశాడు. ఫోర్‌మన్ కళ్ళద్దాలు బల్ల మీద పెట్టాడు. తరువాత గొంతు తగ్గించి అన్నాడు.

"చూడు. గంటసేపు రుద్దితే పోయేదానికి ఎందుకయ్యా ఈ పంతం? రిజెక్ట్ పడితే ఇంక నీ పేరు ఎక్కదు. నేను ఎక్కిద్దామన్నా ఎక్కదు. బయట నీతో ఎవరో వచ్చినట్టున్నారు, పోయి అడిగిరా పో."

ఆయన మంచికే చెప్పాడు. ఇప్పుడు రాస్తుంటే ఇంకా స్పష్టంగా తెలుస్తోంది. గేటు బయట బామ్మర్ది ఉన్నాడని ఆ క్షణంలో మరచిపోయానని చెప్పుకుంటే బాగుంటుంది. మరచిపోలేదు. అతను సైకిల్ పట్టుకుని ఏ పక్క నిలబడ్డాడో కూడా తెలుసు. కోపం కూడా లేదు నాకు. ఎందుకు అన్నానంటే చెప్పలేను. అంత సేపు ఎదురు చూసింది వచ్చి, వచ్చినా ఏమీ కాకపోయేసరికి, చేతికి దొరికింది ఆ ఒక్క మాటే. దాన్నే పట్టుకున్నాను.

"రాయుండ్రి సార్," అన్నాను.

రాశాడు. సైజు సరి అని ఒక మూలన రాశాడు. రిజెక్ట్ గడిలో టిక్కు పెట్టి కారణం దగ్గర తుప్పు అని రాశాడు. చీటీ నా వైపు జరిపి ఎమరీ కాగితం మళ్ళీ సొరుగులో పెట్టుకున్నాడు. నేను సంచులు ఎత్తుకుని బయటికి వచ్చాను.

సంచులు చూడగానే అతనికి తెలిసిపోయింది.

"సైజు తప్పినయా బావా?"

"లేదు. సైజు సరిపోయింది."

"మరి?"

చీటీ ఇచ్చాను. అతనికి అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు. తుప్పు అన్న దగ్గర వేలు పెట్టి చదివాడు. చాలాసేపు ఆ వేలు అక్కడే ఉంచాడు.

"రుద్ది ఇస్తమని అడగకపోయినవా?"

"ఇంతే రాసిండు," అన్నాను.

అబద్ధం కాదు. అంతే రాశాడు. మిగతాది నేను చెప్పలేదు. అతను చీటీ మడిచి నా జేబులో పెట్టి, సంచులు సైకిల్‌కు తగిలించాడు. ఇంటికి పోయాక వాళ్ళక్క ఏమాయె అని అడిగితే అతనే చెప్పాడు, నా బొట్టు ముంచిందక్కా అని. ఆమె వంటింట్లోకి పోయింది. పళ్ళాలు పెట్టిన చప్పుడు వచ్చింది. నేను కూర్చుని తిన్నాను.

ఎమరీతో ఒక ఫోర్కు రుద్ది చూశాను. మచ్చ పోయింది, ఆనవాలు కూడా మిగల్లేదు. అది అతను షెడ్డులో లేనప్పుడు చేశాను.

నాలుగు రోజుల తరువాత పొద్దున్నే అతను షెడ్డుకు వచ్చాడు. గోనెసంచిలోంచి ఉలులు తీసి బల్ల మీద పోశాడు. నెల రోజులుగా వాడనివి, కొసలు మొద్దుబారి ఉన్నాయి.

"జర పదును పెట్టియ్యి బావా. మేస్త్రి రేపటి నుంచి రమ్మన్నడు."

"దవాఖానల ఏమన్నరు నీకు?"

"మూతికి గుడ్డ కట్టుకుంట. ఏం ఫికర్ జెయ్యకు."

సానరాయి మోటారు వేసి ఒక్కొక్క ఉలీ పదును పెట్టాను. అతను పక్కన నిలబడి, అయినవాటిని నీళ్ళ డబ్బాలో ముంచి తీసి గుడ్డతో తుడిచాడు. తడి ఒక్క చుక్క లేకుండా తుడిచి, నూనె రాసి సంచిలో పెట్టుకున్నాడు. చివరిది ఇచ్చాను.

"ఒకటి చెప్పనా," అన్నాడు. "నువ్వు ఎవరేమన్నా మర్వవు. నాకెరుక. గీ బొట్టు సంగతి మాత్రం మనసుల పెట్టుకోకు బావా. తెల్వక చేసిన."

అతని వైపు చూశాను. మోటారు ఇంకా తిరుగుతూనే ఉంది.

"పెట్టుకోను," అన్నాను.

అతను తల ఊపి సంచి భుజాన వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఒకసారి దగ్గి, క్వారీ వైపు నడిచిపోయాడు. నేను మోటారు ఆపి, ఆ రోజు ద్రాక్షతోటకు ఇవ్వాల్సిన పంపు ముక్క తీసి మిషన్ మీద బిగించాను.